96 సీట్ల ప్రభుత్వం, మన పిల్లల తమిళ పరీక్ష

సీట్లు చాలని ప్రభుత్వం గట్టి నిర్ణయాలు తీసుకోలేదని మాధవరంలో మనమూ అనుకుంటుంటాం. 2006 మే నెల గుర్తు చేసుకుందాం. తమిళనాడు శాసనసభలో 234 స్థానాలు, మెజారిటీకి 118 కావాలి. డీఎంకేకు వచ్చినవి 96. కాంగ్రెస్ 34 మందితో, పీఎంకే 18 మందితో మంత్రి పదవులు తీసుకోకుండా బయటినుంచి మద్దతిచ్చాయి. వామపక్షాలూ అంతే. కరుణానిధి ముఖ్యమంత్రి అయ్యారు. 'మైనారిటీ ప్రభుత్వం' అని జయలలిత ఎద్దేవా చేస్తూనే ఉన్నారు, అది ఐదేళ్లూ నిలిచింది. సభలో ఎదుటివారి ఓట్లు తమవాటిని మించకపోతే చాలు కదా.

ఆ ప్రభుత్వమే ఆ ఏడాదే తమిళ అభ్యసన చట్టం తెచ్చింది. మనవాళ్ల మాటలో నిర్బంధ తమిళం. తమిళం నేర్చుకోవడం మన పిల్లలకు మంచిదే, వీధిలోకి వెళ్తే అవసరం కూడా. తెలుగు పరీక్ష స్థానంలో తమిళ పరీక్ష రాయమనడమే చిక్కు. మద్దతిచ్చేవారికి బేరమాడే బలం ఉన్న రోజులవి. అప్పుడే మన బళ్లకు శాశ్వత మినహాయింపు రాయించుకోలేకపోయాం. ఆ ఏడు ఒకటో తరగతిలో చేరినవారు 2016లో పది పరీక్షకొచ్చేనాటికి మన సంఘాలు కోర్టు మెట్ల మీద ఉన్నాయి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మినహాయింపూ ఒక్క ఏడాదికే.