గడియారం ఎవలి చేతుల ఉన్నదో సూడుండ్రి

మూసారాంబాగ్ మెట్రో కాడ పొద్దుమీకి నిలవడితే బ్యాగులు ఏసుకున్న పోరగాండ్లు గుంపులు గుంపులుగ అవుపడుతరు. పాలమూరు, నల్లగొండ, ఖమ్మం దిక్కుకెల్లి దిల్‌సుఖ్‌నగర్ కోచింగులకు వచ్చినోళ్లు. వీళ్లల్ల పోలీస్ కొలువుకు తయారైతున్నోళ్లను నిద్రల లేపి అడిగినా ఒక్క లెక్క చెప్తరు. మొగోళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లల్ల, ఆడోళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లల్ల ఉరకాలె. 2022 నోటిఫికేషన్‌ల పెట్టిన కొలత ఇది.

గిసొంటి కొలతల మీదనే అమెరికా, కెనడాల ఓ పెద్ద పంచాది అయింది. అది మన పిల్లలు తెలుసుకోవాల్సిన ముచ్చట.

అక్కడ ఎన్‌హెచ్ఎల్ అని ఐస్ హాకీ లీగ్ ఉన్నది. సీజన్ నడుమ అన్ని జట్ల మేటి ఆటగాళ్లను ఒక్క కాడికి పిలిచి ఆల్ స్టార్ పండుగ చేస్తరు. మ్యాచ్‌కు ముందుగాల స్కిల్స్ పోటీలు పెడతరు. మంచు మీద ఎవలు జోరుగ ఉరుకుతరు, ఎవలు గట్టిగ కొడతరు, ఎవలు సాపుగ పాస్ ఇస్తరు అని ఒక్కో పనికి ఒక్కో పోటీ. 2012ల జ్దెనో చారా కొట్టిన దెబ్బ గంటకు 108.8 మైళ్లు, అంటే దగ్గర దగ్గర 175 కిలోమీటర్లు.

2019 జనవరిల కాలిఫోర్నియాల శాన్‌హోసేల ఈ పోటీలు అయినయి. ఉరుకుడు పోటీల ఒక మొగ ఆటగానికి దెబ్బ తాకితే ఆ జాగల కెండల్ కోయిన్ స్కోఫీల్డ్‌ను దించిండ్రు. ఈ స్కిల్స్ పోటీల మొగోళ్లతోని సమానంగ నిలవడ్డ మొదటి ఆడమనిషి ఆమెనే. ఒక రౌండ్ 14.346 సెకన్లల్ల కొట్టింది. గెలిచిన కానర్ మెక్‌డేవిడ్‌ది 13.378. నడుమ ఒక్క సెకను కూడా లేదు. ఎనిమిది మందిల ఏడోది అయింది, ఒక మొగాయన ఆమె ఎనుక పడ్డడు. టైమ్ అందరి ముంగట బోర్డు మీద పడ్డది. ఇగ ఎవ్వలు కాదనలేకపోయిండ్రు.

అదే రోజు బ్రియానా డెకర్‌ను పాసింగ్ పోటీకి పిలిచిండ్రు. అయితే పోటీదారుగ కాదు, ఎట్ల చెయ్యాల్నో చేసి సూపెట్టనీకి. ఆమె టైమ్ బోర్డు మీద పెట్టలే. టీవీల సూసినోళ్లు లెక్కగట్టి 66 సెకన్లు అన్నరు. గెలిచిన లియాన్ డ్రైసైట్ల్‌ది 69. లీగోళ్లేమో మా లెక్కల ఆమెది అంత జల్ది కాదన్నరు. గెలిచినాయనకు 25 వేల డాలర్లు. ఆమెకు ఏం లేదు. జనం లొల్లి చేసినంక సీసీఎం అనే హాకీ సామాన్ల కంపెనీ ఆమెకు అంతే సొమ్ము ఇచ్చింది. ఆడిన నలుగురు ఆడోళ్లు చెప్పిన సంస్థలకు తలా 25 వేలు ఇస్తమని లీగ్ అన్నది.

ఎవలి లెక్క నిజమో పక్కన పెట్టుండ్రి. ఒకామె కోసం గడియారం నడిచింది, నడిచిన లెక్క నిలిచింది. ఇంకొకామె కోసం లెక్క బయట పెట్టలే, అందుకే వాదులాట మిగిలింది. చెమట ఇద్దరిదీ ఒక్కటే. రాసి పెట్టిన అంకె ఉంటే అది సాక్ష్యం, లేకపోతే మాట మీద మాట.

మన కాడ పోలీస్ ఈవెంట్లల్ల చిప్ పెట్టి టైమ్ తీస్తరు. తప్పులు కావని కాదు. ఎత్తు కొలతల 1 సెంటీమీటర్, అంతకు తక్కువ తేడాతోని పోయినోళ్లకు 2023ల మళ్ల కొలిచే మోకా వచ్చింది. హైకోర్టుకు పోతేనే వచ్చింది. అడగనీకి వాళ్ల చేతుల అంకె ఉన్నది గాబట్టే అయింది. మండల కబడ్డీ, జిల్లా ఖోఖో ఎంపికల ఏమైతది? పొద్దుగాల ఆడిపిస్తరు, పొద్దుమీకి జాబితా వస్తది. ఎందుకు తీసిండ్రో, ఎందుకు పెట్టిండ్రో ఎవలు చెప్పరు. కూలి ఇడిచిపెట్టి, బస్సు కిరాయి పెట్టుకుని వచ్చిన పిల్లకు ఇంటికి పట్టుకపోనీకి ఒక్క అంకె కూడా ఉండదు.

అన్నీ కొలవలేం, నిజమే. ఏడుగురి నడుమ రైడర్ ఎప్పుడు మర్రాల్నో ఏ వాచ్ చెప్పదు. గట్టిగ కొట్టినోడే మంచి ఆటగాడు కాదని ఎన్‌హెచ్ఎల్‌కు కూడా తెలుసు. గని ఉరుకుడు, దునుకుడు, ఎత్తు, బరువు కొలవచ్చు కదా. మిగిలినదానికి మార్కులు ఎవలు ఏసిండ్రో రాయొచ్చు కదా.

అందుకే తమ్ముళ్లు, చెల్లెండ్లు, సీఎం కప్ లెక్క ఊరికాడికెల్లి మొదలయ్యే పోటీలల్ల మూడు అడుగుండ్రి. దేన్ని సూసి తీసుకుంటరో ముందుగాల చెప్పాలె. కొలత అందరి ముంగట తియ్యాలె. జాబితాతోని పాటు అంకెలు గోడకు అతికియ్యాలె. సర్కారు జరిపే ఎంపికైతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టుండ్రి, 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె.

2019 మే నెలల అక్కడ 200 మందికి పైన ఆడ హాకీ క్రీడాకారులు సరైన లీగ్ లేకుంటే ఆడమని ఒక్కమాట మీద నిలవడ్డరు. 2024 జనవరి 1న ఆరు జట్లతోని ఆడోళ్ల లీగ్ మొదలైంది. ఒక్క రౌండ్ ఉరికినందుకు వచ్చింది కాదది, కలిసి అడిగినందుకు వచ్చింది. ఒక్కరు అడిగితే లొల్లి అంటరు, ఊరు అడిగితే లెక్క చెప్తరు.