బెల్లం ముక్క వైద్యం

జగ్గయ్యపేటలో సిమెంటు దుమ్మును తిట్టని నోరు లేదు. డాబా మీద పేరుకుంటుంది, కల్లంలో మిర్చి మీద పడుతుంది, కంటికి ఆనుతుంది కాబట్టి కోపం వస్తుంది. కంటికి ఆననిదాని మీద మీకు కోపమెప్పుడొచ్చింది?

హైవే పక్క వెల్డింగు షాపు చూడండి. లారీ కింద వెల్లకిలా పడుకుని రాడ్డు అంటిస్తున్న కుర్రాడికి ఒక చేతిలో నల్లద్దం, మూతికి పాత చీరగుడ్డ. వాడి ముక్కు కిందే లేస్తున్న ఆ నీలిపొగలో ఉన్నది మరిగి ఆవిరై గాలిలో గడ్డకట్టిన ఇనుమూ మాంగనీసూ. స్టీలు రెయిలింగు అయితే క్రోమియం, నికెల్ కూడా. తలవెంట్రుక మందంలో వెయ్యో వంతు రేణువులు. చీరగుడ్డ ఆపుతుందా వాటిని?

2017లో ఎడిన్‌బరోలో 14 మంది ఆరోగ్యవంతుల చేత బంగారు నానోరేణువులు పీల్పించి చూశారు. కొందరి రక్తంలో 15 నిమిషాలకే బంగారం తేలింది. మూడు నెలల తర్వాతా పోలేదు. బంగారం గనక ఎవరికీ హాని చెయ్యలేదు. మాంగనీసుకి అంత మర్యాద లేదు. రక్తంలో కలిసి కాలేయానికి చేరుతుంది, ముక్కు నరం పట్టుకుని మెదడుకీ ఎక్కగలదు, ఏళ్ల తరబడి పీలిస్తే చేతులు వణికిస్తుంది. వెల్డింగు పొగ క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లోనే తేల్చేసింది.

మన ఓనర్ల మందు? సాయంత్రం ఓ బెల్లం ముక్క! పొగ పోయింది ఊపిరితిత్తుల్లోకి, బెల్లం పోయేది పొట్టలోకి. ఈ రెంటికీ దారి కలిపిన ధన్వంతరి ఎవరో చూపించండి, పాదపూజ చేసుకుంటాను.

చట్టం ఉందిగా అంటారు. ఉంది! మాంగనీసు విషాన్ని 1948 ఫ్యాక్టరీల చట్టం వృత్తి వ్యాధుల జాబితాలోనే రాసింది. కాకపోతే కరెంటు వాడేచోట 10 మంది పనివాళ్లుండాలంది. 2020 నాటి కార్మిక భద్రత కోడు దాన్ని 20 చేసింది. ముగ్గురున్న షాపులో మనుషులకి ఊపిరితిత్తులుండవు కాబోలు. 2009 నాటి మన గాలి ప్రమాణాల్లో మాంగనీసు పేరే లేదు, ధూళిని లెక్కించేదేమో తూకంతో. తూకానికి దొరకని రేణువుకి హద్దెవడు పెడతాడు?

ఇక మీరు. గేటుకి కిలో మీద రెండు రూపాయలు తగ్గించమని గంటసేపు బేరమాడారు, తప్పేం లేదు. ఆ కుర్రాడికి ఫిల్టరు మాస్కుందా అని ఒక్కమాట అడిగారా? పొగ లాగే ఫ్యాను ఖర్చు బిల్లులో వెయ్యమని మీరే చెప్పండి, చూద్దాం. అది చేతకాకపోతే సిమెంటు కంపెనీల్ని తిట్టే నోరు మూసుకోండి.