హీరో ఎందుకు చిక్కిపోడు?

పాలకొల్లు దాసరి నారాయణరావు గారు 1981లో తీసిన 'ప్రేమాభిషేకం' చూసి కళ్లు తుడుచుకోనివారెవరు? తనకు కేన్సరని తెలిసి, ప్రేయసి మనసు విరిచెయ్యడానికి చెడ్డవాడిగా నటించే హీరో అక్కినేని వారు! కానీ ఒక్క మాట. సినిమా కేన్సర్‌కి హీరో చొక్కా వదులవదు. బయట అలాకాదు, మనిషి కళ్లముందే కరిగిపోతాడు.

"తింటే కదా ఒళ్లు పట్టేది!" అని ఇంట్లోవాళ్లు కసురుతారు. పాపం, తప్పు అతనిది కాదు సుమండీ! కణితీ, దాంతో పోరాడే రక్షక కణాలూ రక్తంలోకి కొన్ని రసాయనాలు వదులుతాయి. అవి ఆకలిని చంపుతాయి. కండరాల కణాల్లోని ప్రోటీన్లకు 'యుబిక్విటిన్' అనే చీటీ అంటించేలా చేస్తాయి. చీటీ పడ్డ ప్రోటీన్‌ని 'ప్రోటియసోమ్' అనే మర ముక్కలు చేసేస్తుంది. కొత్త ప్రోటీన్ తయారీ కూడా తగ్గుతుంది. అందుకే పులస పులుసుతో అన్నం పెట్టినా, పోయిన కండ పూర్తిగా తిరిగి రాదు.

ఈ రసాయనాల్లో ఒకదానిది డబుల్ రోల్! కణితిని చంపుతుందని పేరుపడ్డ 'ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్', ఒంటిని చిక్కించే 'కెకెక్టిన్' ఒకటేనని 1985లో తేలింది.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా అలా చిక్కిపోతుంటే కసరకండి. బరువు తగ్గుతున్న సంగతి డాక్టరు గారికి వెంటనే చెప్పండి. కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు పెట్టండి. ఆయన సరేనంటే సాయంత్రం గోదావరి గట్టుమీద చెయ్యి పట్టుకుని నాలుగడుగులు నడిపించండి. కండకి ఆ కదలికా అవసరమే, మనసుకి ఆ చెయ్యీ అవసరమే.