లక్కపిడతలు మాకు, బొంగరాలు మీకా?

మొన్న మా ఇంటికి దూరపు చుట్టం ఒకావిడ వచ్చారు. వంటింట్లో పప్పుగుత్తి చేతిలోకి తీసుకుని, "ఎంత నున్నగా ఉందో! ఎక్కడ కొన్నావమ్మాయ్?" అన్నారు. "కొనలేదు పిన్నిగారూ, ఇంట్లో లేత్ మీద చేసిందే" అన్నాను. "మీ ఆయన మంచి పనిమంతుడే!" అని మురిసిపోయారు. చేసింది నేనని చెప్పాను. అంతే, ఆవిడ మొహంలో మురిపెం పోయి కంగారొచ్చింది. "నీకెందుకమ్మా మగవాళ్ల పని? వేళ్లు తెగితే?"

పప్పుగుత్తి అదే, దాని నునుపూ అదే. మగవాడు చేశాడనుకున్నంతసేపూ పనితనం, ఆడది చేసిందనగానే ప్రమాదమూనా? ఆ రోజు మర్యాద కోసం నవ్వి ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

ఆ లేత్ మావారు కరోనా రోజుల్లో ముచ్చటపడి కొన్నది. నాలుగు నెలల్లో మోజు తీరింది. దాని మీద పాత పేపర్లు పేరుకున్నాయి. ఒక మధ్యాహ్నం వాటిని దించి, దుమ్ము దులిపి, తెలిసిన వడ్రంగి దగ్గర మిగిలిపోయిన టేకు, చింత ముక్కలు తెచ్చుకుని మొదలుపెట్టాను. నా మొదటి అప్పడాల కర్ర మధ్యలో సన్నబడి దేనికీ పనికిరాకుండా పోయింది. మూడోది ఇప్పటికీ వాడుతున్నాను. తర్వాత పప్పుగుత్తి, చెంచా పిడి, దేవుడి గదికి చిన్న కుంకుమ భరిణె. కర్ర గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించగానే పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతుంది. ఆ అరగంటా నన్ను ఎవరూ "ఏమోయ్", "అమ్మా" అని పిలవకపోతే బాగుండుననిపిస్తుంది.

ప్రమాదం లేదా అంటే ఉంది. కళ్లద్దాలు, ముక్కుకి మాస్కు ఉండాల్సిందే. పగుళ్లున్న కర్ర ఎక్కించకూడదు. స్విచ్ వేసే ముందు కర్రని చేత్తో ఒక చుట్టు తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి. గరుకు కాగితం పట్టేటప్పుడు ఉలి ఆనించే కడ్డీని పక్కకి జరపాలి. చేతికి తొడుగులు వేసుకోకూడదు, అవి చిక్కుకుంటే చేతినీ లాగేసుకుంటాయి. ఇవి నేర్చుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఎనిమిదేళ్ల ఆడపిల్లని కత్తిపీట ముందు కూర్చోబెట్టి వంకాయలు తరగమన్నప్పుడు వేళ్ల గురించి ఎవరూ బెంగపడలేదే! మరుగుతున్న నూనె, ఈలేసే కుక్కరు, ఇవేవీ ప్రమాదాలు కావు కాబోలు.

అసలు గొడవ గాజుల దగ్గర వచ్చింది. లేత్ దగ్గర జుట్టు ముడేసుకోవాలి. చీర కొంగు, చున్నీ ఉండకూడదు. గాజులు, మెడలో గొలుసు తీసేయాలి. మా అత్తయ్యగారు, "ముత్తయిదువ్వి, ఆ పని చేస్తావా?" అని రెండు రోజులు మాట్లాడలేదు. ఆవిడ మీద నాకు కోపం లేదు, ఆవిడని అలాగే పెంచారు. కానీ అడగాల్సిన మాట అడుగుతాను. నేను గొలుసు తీస్తే మావారికేమవుతుందోనని అంత భయపడే మనం, ఆ గొలుసు మెషీన్లో చిక్కుకుంటే నా మెడకేమవుతుందో ఎందుకు ఆలోచించం?

"యాభై రూపాయలు పారేస్తే దొరుకుతుంది కదా" అనేవాళ్లు ఇంకో రకం. ఆవకాయ కూడా దొరుకుతుంది. ఎర్రటెండలో కాయలు కొట్టించి జాడీలకెత్తుతుంటే ఎవరూ ఆ మాట అనరు. మనం చెయ్యాలని వాళ్లు అనుకున్న పనికి ఖరీదు కట్టరు. మనం చెయ్యాలనుకున్న పనికే లెక్కలడుగుతారు.

ఇది మన సంప్రదాయం కాదంటారా? బి.ఏ.లో ఉన్నప్పుడు నిఘంటువులో "తరిమెన" అనే మాట చూశాను. లేత్‌కి తెలుగు పేరు అది. యలమంచిలి దగ్గర వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక ఈ పనికే పేరు పడ్డ ఊరు. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూనే లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పడుతుంది. ఎండిన మొగలి ఆకుతో రుద్ది మెరుగు పెడతారు. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. (వేడికి లక్క మెత్తబడుతుంది కాబట్టి నా పప్పుగుత్తికి మాత్రం రంగు వెయ్యను.)

చిన్నప్పుడు తిరణాలకి వెళ్తే నాన్న నాకు లక్కపిడతలు కొనేవారు, తమ్ముడికి బొంగరం. నేను పిడతల్లో ఉత్తుత్తి అన్నం వండేదాన్ని, వాడు వీధిలో బొంగరం తిప్పేవాడు. రెండూ అదే లేత్ మీద, అదే కర్రతో తయారైనవని నాకు నలభై దాటాక తెలిసింది. ఏది ఆడపిల్లదో ఏది మగపిల్లాడిదో కర్ర చెప్పలేదు, కొనిచ్చిన చెయ్యి చెప్పింది.

ఆ చెయ్యి నాది కూడా. మా అమ్మాయి ఈ ఏడు పాలిసెట్ రాసింది. డిప్లొమాలో మెకానికల్ చేస్తానంటే, "ఆడపిల్లకి మెకానికల్ ఎందుకమ్మా, హాయిగా కంప్యూటర్స్ తీసుకో" అన్నది ఇంకెవరో కాదు, నేనే. ఆ మాటన్నప్పుడు నా జుట్టులో ఇంకా చెక్క పొట్టుంది. అది నా వైపు చూసింది, ఏమీ అనలేదు. పిన్నిగారి మాటకి నాకు ఒళ్లు మండింది. నా మాటకి దానికి ఎంత మండి ఉంటుంది?

మర్నాడు చింత ముక్క ఒకటి ఎక్కించి దాని చేతికి ఉలి ఇచ్చాను. నేను చెయ్యి పట్టుకోలేదు, పక్కన నిలబడ్డానంతే. బొంగరం కాస్త వంకరగా వచ్చింది. మేకు కొట్టి తాడు చుట్టి వదిలితే పది క్షణాలు తిరిగి ఒరిగిపోయింది. "మధ్య సరిగ్గా పట్టలేదమ్మా, ఇంకోటి చేస్తా" అంది.

వచ్చే వారం కౌన్సెలింగ్. మొదటి ఆప్షన్ మెకానికలే పెడుతున్నాం. చుట్టాలు అనేది అంటారు. మీ ఇంట్లోనూ ఒక పిల్ల ఇలాంటిదేదో అడిగే ఉంటుంది. కాదనే ముందు, మీకు లక్కపిడతలే ఎందుకు కొనిచ్చారో ఒక్కసారి ఆలోచించండి.