దిగిన తరువాత మూడు మైళ్లు

విమానం నడపగలవాడికి ఇంక దూరమేమిటని మనం అనుకుంటాము. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి. కిందటేడు వేసవి సెలవుల్లో అమెరికా వెళ్లినప్పుడు ఆ భ్రమ కాస్తా వదిలింది.

మా బావమరిది కొడుకు కాన్సస్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. సరదాకొద్దీ విమానం నడపడం నేర్చుకుని లైసెన్సు కూడా పుచ్చుకున్నాడు. "మామయ్యా, రేపు మధ్యాహ్నం వంద మైళ్ల అవతల ఊళ్లో భోజనం చేసివద్దాం" అన్నాడు. నలుగురు పట్టే సెస్నా 172 ఒకటి అద్దెకు తెచ్చాడు. మా ఆవిడ ఆంజనేయస్వామిని తలుచుకుని వెనక సీట్లో కూర్చున్నది. వంద మైళ్లూ ముప్పావు గంటలో దాటి క్షేమంగా దిగాము.

దిగితే ఏమున్నది? ఒక రన్‌వే, రెండు రేకుల షెడ్లు, పెట్రోలు పంపు, ఒక చిన్న గది. చుట్టూ గోధుమ చేలు. మనిషి లేడు, బస్సు లేదు. ఊరు మూడు మైళ్లు! "ఇంతదూరం ఎగిరివచ్చింది ఈ ఎండలో నడవడానికా, నాయనా?" అన్నది మా ఆవిడ.

అమెరికాలో అందరూ వాడుకోదగిన విమానాశ్రయాలు సుమారు 5,000 ఉన్నాయి. వేళ ప్రకారం ప్రయాణికుల విమానాలు వచ్చేవి అందులో పదోవంతు మాత్రమే. తక్కినవన్నీ ఇట్లాంటివే. రన్‌వేకు బోలెడు నేల కావాలి, చప్పుడు జనానికి పడదు. అందుకని ఊరవతల కడతారు. ఫోనులో పిలిస్తే వచ్చే టాక్సీలు పెద్ద ఊళ్ల దగ్గర దొరుకుతాయి. చిన్న ఊరికి ఒకవేళ వచ్చినా, తిరిగి తీసుకుపోవడానికి మరొకటి దొరుకుతుందన్న నమ్మకం లేదు. అద్దెకారు కావాలంటే ముందుగా చెప్పుకోవాలి. కొందరు మడత సైకిలు వెనక పడేసుకుని పోతారు. కాని చిన్న విమానంలో ప్రతి వస్తువు బరువూ లెక్కలోకి వస్తుంది.

ఈ బెడద ఈనాటిది కాదు. మోల్ట్ టేలర్ అనే ఆయన 1949లోనే రెక్కలు విప్పి పెడితే రోడ్డు మీద నడిచే ఏరోకార్‌ను తయారుచేశాడు. 1956లో ప్రభుత్వం అనుమతి కూడా ఇచ్చింది. అయినా అరడజను బళ్లతోనే ఆ ముచ్చట ముగిసింది.

కొన్ని చోట్ల మాత్రం ఈ చిక్కు లేదు. అదే కాన్సస్‌లో బోమాంట్ అనే పల్లె ఉన్నది. అక్కడ గడ్డి రన్‌వే మీద దిగి, విమానాన్ని రోడ్డు వెంట నడిపించుకుంటూ హోటలు ముందుకే పోవచ్చునట. మిషిగన్ రాష్ట్రంలోని మాకినా ద్వీపంలో 1898 నుంచీ మోటారుకార్లు నిషేధం. విమానం దిగినవాళ్లు గుర్రపు టాక్సీలో ఊళ్లోకి పోతారు. రైట్ సోదరులు 1903లో మొదటిసారి ఎగిరిన కిల్ డెవిల్ హిల్స్‌లో దిగితే, వాళ్ల స్మారకానికి నడిచే పోవచ్చు.

మరి మా గతి? మావాడు నవ్వి, గదిలో కొక్కేనికి వేలాడుతున్న తాళంచెవి తీశాడు. బయట పాత కారు ఒకటి ఉన్నది. పోలీసులు వాడి వాడి విడిచిపెట్టినది. దీన్ని కర్టసీ కారు అంటారు. మర్యాద కారని తెలుగు చేసుకుందాము. విమానాశ్రయం వాళ్లు దిగినవాళ్ల కోసం ఉంచుతారు. అద్దె లేదు, అడిగేవాడు లేడు. బల్ల మీది పుస్తకంలో విమానం నంబరు, ఫోను నంబరు, తిరిగివచ్చే వేళ రాయాలి. వాడినంత పెట్రోలు పోయించి, చెప్పిన వేళకు తెచ్చిపెట్టాలి.

"అయితే ఇది చలివేంద్రమన్నమాట" అన్నది మా ఆవిడ. ఎంత బాగా చెప్పింది! చలివేంద్రంలో దాహం తీర్చుకున్నవాడు ముంత అక్కడే పెట్టిపోతాడు. వెనక వచ్చేవాడెవడో అతనికి తెలియదు, తెలియనక్కరలేదు.

మావాడు రెండు గంటలని రాశాడు. ఫోను నంబరు రాయబోతుంటే, "తరువాత రాద్దువులేరా, ఆకలి దంచేస్తున్నది" అని లాక్కుపోయాను. భోజనం చేశాము. పక్కనే పాత పుస్తకాల దుకాణం కనిపించింది. పుస్తకాల మధ్య నాకు కాలం తెలియదు. మావాడు రెండుసార్లు గడియారం చూపించాడు. "ఈ అడవిలో మన కారు కోసం ఎవడు కాచుకున్నాడు?" అన్నాను.

తిరిగి వచ్చేసరికి గంట ఆలస్యమైంది. మా విమానం పక్కన మరొక విమానం. గదిలో వృద్ధ దంపతులు. ఆమె ఒళ్లో పూలగుత్తి. ఊళ్లో ఆసుపత్రిలో ఉన్న అక్కగారిని చూడడానికి వచ్చారట. పడమట మబ్బు కమ్ముతున్నది. అది రాకముందే వాళ్లు మళ్లీ ఎగరాలి. మాకు ఫోను చేద్దామంటే పుస్తకంలో నంబరు లేదు.

నేను తప్పయిందన్నాను. ఆ పెద్దాయన ఒక్క పరుషమైన మాట అనలేదు. "ఫరవాలేదు, పది నిమిషాలు చూసి వస్తాము" అని తాళంచెవి అందుకున్నాడు. ఆయన తిట్టినా బాగుండేది. ఆ కారు దుమ్ము రేపుకుంటూ పోతుంటే చూస్తూ నిలబడ్డాను. మావాడు పుస్తకం తెరిచి, తిరిగివచ్చిన వేళను ఉన్నదున్నట్టుగా రాశాడు.

తిరుగు ప్రయాణంలో ఎవ్వరమూ మాట్లాడలేదు. దిగిన తరువాత మా ఆవిడ అన్నది గదా: "ముంత పట్టుకుపోయిన వాళ్లమయ్యామండీ."

కాలేజీ లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకాలు మూడు, గడువు దాటి మా ఇంట్లో పడివున్నాయి. ఊరు చేరగానే మొట్టమొదట వాటిని తిరిగి ఇచ్చి వచ్చాను. ఏ కుర్రవాడు వాటి కోసం ఎన్నిసార్లు వచ్చిపోయాడో!