ఫైల్లో లేని ఏడేళ్ళు

ఊరెళ్ళినప్పుడు ఎవరైనా "ఏం ఉద్యోగమండీ?" అంటే "డాక్యుమెంట్ కంట్రోలర్‌ని" అంటాను. "అంటే కాగితాలు సర్దడమా?" అంటారు. అవుననే చెప్తాను. జుబైల్‌లో కాంట్రాక్టు కంపెనీల్లో చాలా ఏళ్ళుగా నేను చేస్తున్నది అదే. కాగితాలకి నంబర్లు వేయడం, ఏది పాతదో ఏది కొత్తదో గుర్తు పెట్టడం, అడిగినప్పుడు తీసివ్వడం. దీని గురించి రాయడానికేముంటుందని ఇన్నాళ్ళూ రాయలేదు.

2019లో ఒక మేస్త్రీ నా దగ్గరికొచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. కాంట్రాక్టు గడువు అయిపోయి ఇంటికి వెళ్ళిపోతున్నాడు. చేతిలో కంపెనీ ఇచ్చిన లెక్క కాగితం.

"అన్నా, నేనొచ్చి పదకొండేండ్లయింది. ఇండ్ల నాలుగేండ్లే ఉన్నయ్. జర సూడరాదే."

చూశాను. ఆయన చెప్పింది నిజమే. 2015లో కంపెనీ చేతులు మారింది. కొత్తవాళ్ళు పేర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు, ఉద్యోగంలో చేరిన తేదీ దగ్గర అందరికీ ఆ చేతులు మారిన రోజే వేసేశారు. మోసం చేయాలని కాదు. పాత ఫైళ్ళు తెరవడానికి బద్ధకం, అంతే.

ఆ బద్ధకం ఖరీదెంతో చూడండి. సౌదీ కార్మిక చట్టం 84వ ఆర్టికల్ ప్రకారం, సర్వీసు ముగిశాక మొదటి ఐదేళ్ళకి ఏడాదికి అర నెల జీతం, ఆ పైన ఏడాదికి ఒక నెల జీతం ఇవ్వాలి. లెక్క చివరి జీతం మీద. ఆయన జీతం 2,000 రియాళ్ళు. నాలుగేళ్ళకైతే 4,000 వస్తుంది. పదకొండేళ్ళకైతే 17,000. తేడా 13,000 రియాళ్ళు.

చట్టం ఆయన పక్షానే ఉంది. యజమాని మారినా సర్వీసు తెగదని 18వ ఆర్టికల్ చెప్తుంది. కానీ ఆ ఏడేళ్ళూ పనిచేసినట్టు చూపించాలి కదా! మొదటి కాంట్రాక్టు క్యాంపులు మారడంలో ఎక్కడో పోయింది. జీతాలు బ్యాంకు ద్వారా ఇవ్వాలన్న విధానం 2013లో మొదలై, చిన్న కంపెనీలకి విడతలవారీగా వచ్చింది. అంతకుముందు ఆయనకి జీతం సంతకం పెట్టించుకుని చేతికే ఇచ్చేవారు.

ఆ సంతకాల షీట్లు యార్డులో ఒక కంటైనర్లో ఉన్నాయి. రెండు మధ్యాహ్నాలు వెతికాను. ఆయన పేరు 'ప'తో మొదలవుతుంది. అరబ్బీలో 'ప' లేదు. పోలయ్య అక్కడ బోలయ్య అవుతాడు. పైగా ఒక ఏడు ఇంటిపేరు ముందు, ఇంకో ఏడు వెనక. చివరికి ఉద్యోగి నంబరుతో పట్టుకున్నాను. 2008 నుంచీ నెలనెలా ఆయన వేలిముద్రో, వంకర సంతకమో ఉంది. అవి చూపించాక అకౌంట్స్ వాళ్ళు గొణుక్కుంటూనే లెక్క మార్చారు.

ఇక్కడితో ఆపేస్తే నేనేదో మంచివాణ్ణనిపిస్తుంది. అసలు సంగతి ఇది. ఆ కంటైనర్లోంచి పారేయాల్సిన పెట్టెల జాబితా అప్పటికే సిద్ధంగా ఉంది. తయారుచేసింది నేనే. సౌదీలో వ్యాపార లెక్కల పుస్తకాలు పదేళ్ళు దాచాలని చట్టం. పదేళ్ళు దాటిన 2008 పెట్టెలన్నీ నియమం ప్రకారమే రాసుకున్నాను. ఆయన చేరిన నెల షీటు వాటిల్లోనే ఉంది. అది పోయుంటే ఒక ఏడాది సర్వీసు, అంటే ఒక నెల జీతం, పోయేది. ఆయన ఇంకో ఐదేళ్ళు ఉండి ఉంటే ఇంకో ఐదు నెలల జీతం పోయేది. ఎంత ఎక్కువకాలం పనిచేస్తే అంత నష్టం!

అందుకే నేననేది ఇది. మనిషి సర్వీసుకి సంబంధించిన కాగితానికి వయసు అది రాసిన రోజు నుంచి లెక్కపెట్టకూడదు. ఆ మనిషి వెళ్ళిపోయి, అతని బాకీ తీరిన రోజు నుంచి లెక్కపెట్టాలి. సిమెంటు బిల్లుకి డబ్బు కట్టేస్తే దాని కథ అయిపోతుంది. హాజరు షీటు కథ మనిషి విమానం ఎక్కేదాకా అవదు. ఒక్కోసారి ఎక్కాక కూడా అవదు. సౌదీ ఓజర్ సంగతి గుర్తుందిగా? 2016లో జీతాల్లేక వేలమంది క్యాంపుల్లో చిక్కుకుపోయారు, అందులో మనవాళ్ళూ ఉన్నారు. 2017లో కంపెనీ మూతపడింది. అలాంటి కంపెనీల్లో ఫిలిప్పీన్స్ వాళ్ళకి రావాల్సిన జీతాలు ఇస్తామని సౌదీ 2022 నవంబర్లో ఒప్పుకుంది. 2024లో చెక్కులు అందడం మొదలైంది. కంపెనీ పోయింది, బాకీ పోలేదు. మరి ఎవరికెంత అని చెప్పాల్సింది కాగితమే కదా.

కంపెనీలు మారేదాకా మనం ఆగక్కర్లేదు. లెక్క అడిగితే నమ్మకం లేదనుకుంటారేమోనని మనవాళ్ళకి మహా మొహమాటం. ఉద్యోగం ముగిశాక కోర్టుకెళ్ళడానికి ఇక్కడ ఉన్న గడువు పన్నెండు నెలలు. ఇంటికెళ్ళి తీరిగ్గా ఆలోచిద్దామంటే అది ఇట్టే అయిపోతుంది.

మీ అన్నో, బాబాయో, బావో గల్ఫ్‌లో ఉంటే శుక్రవారం సెలవు రోజు ఫోన్ చేస్తారుగా. కాంట్రాక్టు ఫోటో ఒకటి వాట్సాప్‌లో పంపమనండి. ఇకామా కొత్తదైనప్పుడల్లా దానిదీ ఒకటి. ముందుగా, కంపెనీ రికార్డులో చేరిన తేదీ ఏమని ఉందో కనుక్కోమనండి.

నేను మాత్రం ఆ మర్నాడే జాబితాలోంచి జీతాల పెట్టెలన్నీ కొట్టేశాను. కంటైనర్ ఇంకా యార్డులోనే ఉంది. స్థలం దండగని ఏడాదికోసారి ఎవరో ఒకరు గుర్తుచేస్తూనే ఉంటారు.