పెంచే పొడులు, అణచే సూదులు

గోదావరి జిల్లాలలో కాలువలకు నీరు వదిలి ఊడ్పులు సాగే రోజులలోనే జ్వరాలు కూడ మొదలవుతాయి. ఆ రోజులలో అమలాపురంలోనైనా భీమవరంలోనైనా మందుల దుకాణం ముందు కాసేపు నిలుచుంటే రెండు కోరికలు వినబడతాయి. ఒకరు ఇమ్యూనిటీ పెంచే పొడి అడుగుతారు. మరొకరు సాయంత్రానికల్లా జ్వరం దించే ఇంజెక్షన్ ఎక్కడ చేస్తారని అడుగుతారు. ఆ ఇంజెక్షన్‌లో పలుమార్లు ఉండేది డెక్సామెథసోన్ అనే స్టీరాయిడ్. ఒకే రోగికి ఒకే రోజున ఈ రెండూ పడడం నేను చూచాను. ఒకటి రోగరక్షణను పెంచుతానంటుంది. రెండవది దానిని నిజంగానే అణచివేస్తుంది. ఈ అలవాటును ఖండించడానికే ఈ వ్యాసం.

వైరస్ కణం లోపల దాగి పెరుగుతుంది. రక్తంలో తిరిగే యాంటీబాడీలు సాధారణంగా అక్కడికి చేరలేవు. అందుచేత ప్రతి కణమూ తన కాపలా తానే పెట్టుకున్నది. కణద్రవంలో రిగ్-ఐ, ఎం.డి.ఎ.5 అనే గ్రాహకాలు ఉంటాయి. మన ఆర్.ఎన్.ఎ. మొనకు టోపీ వంటి కట్టు ఒకటి ఉంటుంది. పలు వైరసుల ఆర్.ఎన్.ఎ.కు అది లేని దశ ఒకటి ఉంటుంది; ఆ బోడి మొనను రిగ్-ఐ పట్టుకుంటుంది. పొడవైన జంటపోగు ఆర్.ఎన్.ఎ.ను ఎం.డి.ఎ.5 పసిగడుతుంది. డి.ఎన్.ఎ. తానుండవలసిన చోటు విడిచి కణద్రవంలో కనబడితే సీగ్యాస్ గుర్తించి స్టింగ్ అనే ప్రోటీనుకు కబురు పంపుతుంది. కబురు అందిన కణం ఇంటర్‌ఫెరాన్‌ను విడుదల చేస్తుంది. ఇరుగుపొరుగు కణాలు తలుపులు బిగించుకుంటాయి. డెంగీ వైరస్ తన ఎంజైముతో ఆ స్టింగ్‌నే తెగగొడుతుంది. శత్రువు వెదకి కోసే తీగ ఎంత విలువైనదో ఊహించండి.

ఇంతవరకు విన్నవారు 'అయితే ఆ గ్రాహకాలను పెంచితే మంచిదే కదా' అంటారు. పొడుల వ్యాపారమంతా ఈ ఒక్క పొరపాటు మీదనే నిలిచి ఉన్నది. కొన్ని ఎంజైములు రిగ్-ఐకి గుర్తులు తగిలించి మేల్కొలుపుతాయి. మరికొన్ని ఆ గుర్తులను ఊడదీసి నిద్రపుచ్చుతాయి. మన సొంత ఆర్.ఎన్.ఎ.ను చూచి ఎం.డి.ఎ.5 పొరబడకుండ దానిలో మార్పులు చేసే ఎంజైము వేరొకటి ఉన్నది. ఈ కళ్ళెం జన్యులోపం వలన తెగిన పసిబిడ్డలు ఉన్నారు. ఐకార్డి-గూటియేర్ వ్యాధి అంటారు. ఒంట్లో వైరస్ లేకపోయినా ఇంటర్‌ఫెరాన్ ఆగదు, మెదడు దెబ్బతింటుంది. పెరిగిన 'ఇమ్యూనిటీ' అంటే ఇదీ.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. నాటి నుండి ఈ డెల్టా బ్రతుకుతున్నది తూములు, లాకులు ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో తెలిసినవారి వలన. 1986 ఆగస్టు వరదను చూచిన లంక గ్రామాలవారు నీరు ఎంత ఎక్కువైతే అంత మేలని అనరు. ఒంటి విషయంలో మాత్రం అదే మాట డబ్బు పెట్టి కొంటున్నాము. ఏ గ్రాహకాన్ని, ఏ రోజున, ఎంత పెంచుతుందో ఏ డబ్బా మీద చదివారు? (పసుపు మీద నాకు కోపం లేదు. పులుసులో దాని స్థానం దానిది.)

పొడి వలన పోయేది చాలావరకు డబ్బే. సూదితో పోయేది ప్రాణం. కోవిడ్ నేర్పిన పాఠం గుర్తు చేసుకోండి. తీవ్రంగా జబ్బుపడినవారిలో నూటికి సుమారు పదిమందికి తమ ఇంటర్‌ఫెరాన్‌నే నిర్వీర్యం చేసే యాంటీబాడీలు ఉన్నట్లు 2020లో తేలింది. తొలిదశలో ఇంటర్‌ఫెరాన్ పనిచేయకపోతే ఏమవుతుందో దానితో తెలిసింది. అదే ఏడాది బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్షలో, ఆక్సిజన్ అవసరమైన రోగులలో డెక్సామెథసోన్ మరణాలను తగ్గించింది. అవసరం లేనివారికి మేలు చేయలేదు, కీడు చేయవచ్చుననే సూచన కనబడింది. మందు ఒకటే, రోజు వేరు, రోగి వేరు. మనవాళ్ళు మొదటి సగం మాత్రమే విన్నారు. 2021 వేసవిలో అదుపు తప్పిన చక్కెర, అతిగా వాడిన స్టీరాయిడ్లు కలిసి బ్లాక్ ఫంగస్‌కు దారి తీశాయి. ఎందరో కళ్ళు పోగొట్టుకున్నారు.

'సూది వేయగానే మావాడు లేచి కూర్చున్నాడు' అంటారు. నిజమే. జ్వరం, ఒళ్ళునొప్పులు చాలావరకు ఆ రక్షణ సంకేతాల వలన వచ్చేవే. పూర్వం హెపటైటిస్ రోగులకు ఇంటర్‌ఫెరాన్ ఇచ్చినపుడు ఫ్లూ వచ్చినట్లే జ్వరం వచ్చేది. స్టీరాయిడ్ ఆ గంట నోరు నొక్కుతుంది, వైరస్‌ను ముట్టదు. డెంగీలో ఇది మరీ ప్రమాదం. అందులో గండం సాధారణంగా జ్వరం దిగే రోజులలోనే, మూడు నుండి ఏడు రోజుల మధ్య వస్తుంది. సూదితో ముందే జ్వరం దించితే, ఎప్పుడు జాగ్రత్తపడాలో ఇంటివారికి తెలియదు.

తప్పంతా ఊరి ఆర్.ఎం.పి.ల మీదకు నెట్టను. పట్టాలున్న మావారిలోనూ, రోగి మరొకరి దగ్గరకు పోతాడన్న భయంతో ఆ సూది వ్రాసేవారున్నారు. రాత్రి పది గంటలకు లంకలో జ్వరం వస్తే పట్టా ఉన్న వైద్యుడు ఎక్కడ దొరుకుతాడన్న మీ ప్రశ్నకు ప్రభుత్వాలూ, మేమూ సరియైన జవాబు ఇవ్వలేదు. అయినా రెండు పనులు మీ చేతిలో ఉన్నాయి. జ్వరానికి పారాసిటమాల్, మంచినీరు చాలు. డెంగీ అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వద్దు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ రక్తం, మగత, మూత్రం తగ్గడం కనబడితే, జ్వరం లేకపోయినా, రాత్రయినా ఆసుపత్రికి బయలుదేరండి. ఎవరైనా సూది ఎత్తితే, అందులో ఏ మందు ఉన్నదో చీటీ మీద వ్రాసి ఇమ్మనండి. వ్రాయనంటే చేయి చాపకండి.

ఆస్తమాకో, కీళ్ళవాతానికో రోజూ స్టీరాయిడ్ వాడేవారు మాత్రం ఇది చదివి హఠాత్తుగా మానవద్దు. మీ వైద్యునితో మాట్లాడండి.